నేలమాళిగలో పడక వేసేముందు

నిరుడు వేసవిలో పెన్సిల్వేనియాలోని మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు మా దంపతులకు బేస్‌మెంట్‌లో గది ఏర్పాటు చేశారు. అక్కడి మన తెలుగు ఇళ్లలో ఇది మామూలే. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ల పడక, పిల్లల ఆటలు, అల్లుడిగారి ఆఫీసు పని అన్నీ ఆ నేలమాళిగలోనే. "రాడాన్ పరీక్ష చేయించారా అమ్మా?" అని అడిగాను. "అరవై ఏళ్ల ఇల్లు నాన్నా, ఇన్నాళ్లూ ఎవరికీ ఏమీ కాలేదట" అంది. ఇదే మాట ప్రభుత్వాసుపత్రిలో బీడీ తాగేవారి నోట వేలసార్లు విన్నాను.

రాడాన్ రంగు, వాసన లేని రేడియోధార్మిక వాయువు. నేలలోని యురేనియం క్షీణించే క్రమంలో పుట్టి, పునాది పగుళ్ల గుండా ఇంట్లోకి చేరుతుంది. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పొగాకు తరువాతి కారణం ఇదే. దీనివల్ల ఏటా సుమారు 21,000 మంది మరణిస్తున్నారని అక్కడి పర్యావరణ సంస్థ అంచనా. మన ఊళ్లలో ఇళ్లకింద నేలమాళిగలు అరుదు, కిటికీలు తెరిచే ఉంటాయి. అందుకే ఈ పేరు మనవారికి కొత్త.

ఆ దేశానికీ ఇది ఒకప్పుడు కొత్తే. 1984 డిసెంబరులో అదే పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రాస్ అనే అణువిద్యుత్ కేంద్రం ఉద్యోగి పనిలోకి వస్తుంటే రేడియేషన్ అలారం మోగింది. అప్పటికి ఆ కేంద్రంలో విద్యుదుత్పత్తి మొదలే కాలేదు. ఆరా తీస్తే, ధార్మికత ఆయన ఇంటి నుంచే వచ్చింది. లీటరు గాలికి సుమారు 2,700 పికోక్యూరీలు! సరిచేయవలసిన స్థాయి 4 మాత్రమే.

మా అమ్మాయి ఇంట్లో తలుపులు మూసి రెండు రోజులు పరీక్ష పెడితే 7 వచ్చింది. పగుళ్లకు సిమెంటు పూస్తే చాలదా అన్నారు అల్లుడిగారు. చాలదు. పాత ఇళ్లలో రాతిగోడల సందులు, మురుగునీటి గుంత, మట్టినేల ఇలా దారులు అనేకం. ఒకటి మూస్తే మరొకటి తెరుచుకుంటుంది. కాంక్రీటు కింద గొట్టం దింపి, ఫ్యాను పెట్టి, నేలలోని గాలినే లాగి కప్పుపైకి వదలాలి. ఫ్యాను నివాసపు గదుల్లో ఉండరాదు. మట్టినేల ఉన్నచోట దానిపై మందపాటి ప్లాస్టిక్ పరచి దాని కింద నుంచి లాగాలి. ఖర్చు సాధారణంగా వెయ్యి, రెండు వేల డాలర్లు. వంటింటి గ్రానైటు రాళ్లకు అంతకంటే ఎక్కువే పెడుతున్నారు. (ఈ మాట అక్కడ పైకి అనలేదు.)

జీవితకాలం 4 స్థాయిలో గడిపిన వెయ్యిమందిలో, పొగ తాగనివారు ఏడుగురు, తాగేవారు 62 మంది ఊపిరితిత్తుల క్యాన్సర్‌ బారిన పడవచ్చని అంచనా. పొగ మానడం ఎంత అవసరమో ఇక్కడే తెలుస్తుంది. అయినా ఆ ఏడుగురిని తక్కువగా చూడలేను. బీడీ ముట్టని రోగులకు ఈ జబ్బు వస్తే, ఏ ఇంట్లో ఉంటున్నారని నా సర్వీసులో ఒక్కసారీ అడగలేదు.

గొట్టం వేశాక మళ్లీ కొలిస్తే 1.5 వచ్చింది. రెండేళ్లకోసారి కొలవాలని చెప్పి వచ్చాను. చలికాలంలో ఫ్యాను రొదకు విసుగుచెంది ఆపేసేవారు ఉంటారు, అదే నా భయం. గొట్టానికి ఒక చిన్న రంగుద్రవపు నాళిక బిగిస్తారు. ఫ్యాను లాగుతుంటే రెండువైపులా ద్రవమట్టం హెచ్చుతగ్గులుగా ఉంటుంది. మొన్న ఫోన్లో అదే అడిగాను. హెచ్చుతగ్గులుగానే ఉందట.