మన గచ్చు... వాళ్ల కప్పు!

పోయిన వేసవిలో ఓ మధ్యాహ్నం. పప్పులో తాలింపు పెట్టి స్టవ్ కట్టేస్తున్నాను. టప్పున ఓ నీటిచుక్క చేతిమీద పడింది. తలెత్తి చూద్దును కదా, బాత్‌రూం గోడ ఆనుకుని ఉన్న మూలలో కప్పు మీద దోసెంత మచ్చ! అంచులు పసుప్పచ్చగా, మధ్యలో చెమ్మగా.

గబగబా పైకెళ్లాను. 402 వదినగారి ముఖం చిన్నబోయింది. బాత్‌రూం బాగు చేయించి నిండా పది రోజులు కాలేదు. లక్షా పది వేలు అయింది. "మేస్త్రీ అంతా గట్టిగా చేశానన్నాడే వదినగారూ!" అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేసింది.

నాకు కోపం రావాలి. రాలేదు. సిగ్గేసింది. ఎందుకంటే ఆ మచ్చ ఎందుకొచ్చిందో నాకు చూడగానే తెలిసిపోయింది. మూడేళ్ల కిందట మేమూ అదే తప్పు చేశాం. పాత టైల్స్ పీకించి, కింద ఏముందో చూడకుండా పైన కొత్తవి వేయించాం. మా కింద 202లో ఉండే పిన్నిగారు నాలుగు నెలలు బకెట్ పెట్టుకుని కాపురం చేశారు. చివరికి మొత్తం పగలగొట్టి మళ్లీ చేయించాం. ఖర్చు రెండింతలు.

ఈ సంగతి 402 వదినగారికి చెప్పానా? లేదు. ఆవిడ టైల్స్ ముక్కలు రెండు పట్టుకొచ్చి "ఏది బావుంది?" అని అడిగితే, "లేత నీలం బావుంది" అని మాత్రం చెప్పాను. కొట్టు పేరు చెప్పాను, బేరం ఎలా ఆడాలో చెప్పాను. చేసిన తప్పు మాత్రం చెప్పలేదు. చెబితే చులకన అయిపోతానేమోనని!

ఇళ్లకు వయసొచ్చింది

ఇది మా మెట్లకే పరిమితమైన గొడవ అయితే ఇక్కడ రాయక్కర్లేదు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో అపార్ట్‌మెంట్లు జోరుగా లేచింది 1980ల చివర్లో, 1990ల్లో. వాటికిప్పుడు పాతికేళ్లు, ముప్పై ఏళ్లు దాటాయి. గోడల్లోని ఇనుప గొట్టాలు తుప్పు పట్టాయి, బాల్కనీ అడుగున పెచ్చులు ఊడుతున్నాయి. అప్పుడు చంకనున్న పిల్లలు ఉద్యోగాల్లో స్థిరపడ్డారు, చేతిలో నాలుగు డబ్బులు ఆడుతున్నాయి. అదే పేటలో కొత్త ఫ్లాట్ కొనాలంటే ధర చూసి గుండె గుభేలుమంటుంది. దాంతో అందరిదీ ఒకటే ఆలోచన: ఉన్న ఇంటినే బాగు చేయించుకుందాం.

మంచి ఆలోచనే. కానీ సొంత స్థలంలో పెంకుటిల్లు బాగు చేయించుకోవడం వేరు, అపార్ట్‌మెంట్‌లో చేయించుకోవడం వేరు. అక్కడ తప్పు చేస్తే మన నెత్తి మీదే పడుతుంది. ఇక్కడ కింది వాళ్ల నెత్తి మీద పడుతుంది.

ఈ మాట ఊరికే అనడం లేదు. 2022 ఫిబ్రవరి 10న ఢిల్లీ పక్కనున్న గురుగ్రామ్‌లో, చింటెల్స్ పారడిసో అనే పెద్ద అపార్ట్‌మెంట్ సముదాయంలో, ఆరో అంతస్తు ఫ్లాట్‌లో గచ్చు మార్చే పని జరుగుతోంది. హాలు స్లాబు ఉన్నట్టుండి కూలింది. కింది స్లాబు మీద పడింది, అది దాని కిందిదాని మీద పడింది... అలా మొదటి అంతస్తు దాకా పేకముక్కల్లా కూలిపోయాయి. ఇద్దరు ఆడవాళ్లు చనిపోయారు. వాళ్లు ఏ గోడా పగలగొట్టలేదు, ఏ మేస్త్రీనీ పిలవలేదు. వాళ్లింట్లో వాళ్లున్నారు, అంతే.

తర్వాత ఐఐటీ ఢిల్లీ నిపుణులు పరీక్షించారు. కాంక్రీట్‌లో క్లోరైడ్ లవణాలు ఎక్కువగా ఉన్నాయని, లోపలి చువ్వలు తుప్పు పట్టాయని, ఆ టవర్‌కి మరమ్మతు చేసి కాపురం ఉండటం క్షేమం కాదని తేల్చారు. అంటే అసలు లోపం కట్టడంలోనే ఉంది. నిజమే. కానీ బలహీనమైన స్లాబు మీదే గచ్చు పని మొదలైంది. పైకి నున్నగా సున్నం వేసి ఉన్న కప్పు లోపల ఎలా ఉందో కంటికి తెలియదు. కాబట్టి పగలగొట్టే ముందు తెలుసుకోవాలన్నదే మనం నేర్చుకోవలసిన పాఠం.

మన ఫ్లాట్‌లో ఏది మనది?

"మా ఇల్లు, మా ఇష్టం" అనే మాట అపార్ట్‌మెంట్‌లో సగమే నిజం. మనకు 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఉంది. పునాదులు, స్తంభాలు, దూలాలు, ప్రధాన గోడలు, పైకప్పు అందరి ఉమ్మడి సొత్తు అని అది చెబుతుంది. మన హాలు మూలలో ఉన్న పిల్లర్, మనం దేవుడి పటం తగిలించుకున్న పిల్లర్, మన ఒక్కరిది కాదు. దాని మీద పైవాళ్లూ ఆధారపడి ఉన్నారు.

అయినా జరుగుతున్నదేమిటి? వంటింటి చిమ్నీ గొట్టం కోసం బీముకు కన్నం, ఏసీ పైపు కోసం మరో కన్నం. మేస్త్రీ గోడ మీద రెండు దెబ్బలు తట్టి "ఏం కాదమ్మా" అంటాడు. ఆ మాట నమ్మి మనం తలూపుతాం. పిల్లర్లు, బీములు ఉన్న కట్టడంలో లోపలి నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ సాధారణంగా అడ్డుగోడే. కానీ పిల్లర్లు లేకుండా గోడల మీదే నిలబెట్టిన పాత రెండు, మూడంతస్తుల ఇళ్లలో తొమ్మిదంగుళాల గోడే కప్పును మోస్తుంది. ఏ గోడ ఏదో చెప్పవలసింది స్ట్రక్చరల్ ఇంజనీరు. ఆయన ఒక్కసారి వచ్చి చూసినందుకు ఇచ్చే ఫీజు, మనం మోజుపడి కొనే షాండ్లియర్ ఖరీదు కంటే ఎక్కువేమీ కాదు.

గ్రానైట్ మోజు... బరువు లెక్క

ఇప్పుడు చాలామంది చేస్తున్న పని, పాత మొజాయిక్ గచ్చు తీయకుండా దానిపైనే గ్రానైట్ పరిపించడం. పగలగొట్టే మోత ఉండదు, దుమ్ము ఉండదు, కూలీ కలిసొస్తుంది. కానీ మనం పప్పులు, బియ్యం తూకం వేయించుకునేటప్పుడు చూసే లెక్క ఇక్కడ చూడం.

18 మిల్లీమీటర్ల గ్రానైట్, దాని కింద అంగుళంన్నర సిమెంటు మాలు కలిపితే చదరపు అడుగుకి సుమారు 12 కిలోలు. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న చిన్న గదికే పన్నెండు వందల కిలోలు! ఇళ్ల గదుల్లో మనుషులు, సామాను కలిపి చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల బరువు ఉంటుందని లెక్క వేసి స్లాబు కడతారు. అంటే అడుగుకి పద్దెనిమిది, పంతొమ్మిది కిలోలు. అందులో పన్నెండు కిలోలు కొత్త రాయే మింగేస్తే ఇక బీరువాకు, మంచాలకు, పేరంటానికి వచ్చే నలుగురికి మిగిలేదెంత? అందుకే కొత్త రాయి కావాలంటే పాత గచ్చు తీయించాలి. తీయడం ఇష్టం లేకపోతే పలుచటి టైల్స్‌ని గమ్ముతో అంటించాలి. అప్పుడు బరువు అడుగుకి మూడు కిలోల దగ్గరే ఆగుతుంది. తీసిన పెళ్లలు కూడా గది మధ్యలో గుట్టపోయకుండా ఏ రోజువి ఆ రోజే కిందికి దింపించాలి.

నీళ్లు నిలబెట్టి చూడండి

ఇక నేను రెండుసార్లు డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. బాత్‌రూంలో నీళ్లను ఆపేది టైల్ కాదు. టైల్స్ మధ్య కూరే తెల్ల సిమెంటూ కాదు. వాటి అడుగున ఉన్న వాటర్‌ప్రూఫింగ్ పొర. పాత టైల్స్ పీకేటప్పుడు ఆ పొర కూడా చిరిగిపోతుంది. దాన్ని మళ్లీ వేయకుండా ఎంత ఖరీదైన టైల్ పరిచినా జల్లెడ మీద పట్టుచీర కప్పినట్టే.

స్లాబు శుభ్రంగా కడిగించి, పగుళ్లు పూడ్పించి, గచ్చూ గోడా కలిసే మూలల్లో, నహానీ ట్రాప్ చుట్టూ, పైపులు దూరే చోట్ల ప్రత్యేకంగా పట్టించి, గోడల మీదికి కనీసం అడుగు ఎత్తు దాకా ఆ పొర వేయించాలి. షవర్ ఉన్న వైపు మనిషి ఎత్తు దాకా వేయించాలి. అది ఆరాక తూము మూసేసి, నీళ్లు నింపి, రెండు రోజులు అలాగే వదిలేయాలి. మేస్త్రీ విసుక్కుంటాడు. "రెండు రోజుల కూలీ పోతుందమ్మా" అంటాడు. పోనివ్వండి. ఆ రెండు రోజుల్లో కింది ఇంటివాళ్ల కప్పు పొడిగా ఉంటేనే టైల్ ముట్టుకోనివ్వాలి.

కరెంటు సంగతీ అంతే. ముప్పై ఏళ్ల నాటి వైర్లు ఫ్యాన్లు, లైట్లు, ఓ ఫ్రిజ్ కోసం వేసినవి. వాటి మీదే ఏసీ, గీజర్, మైక్రోవేవ్ వేలాడదీయకుండా పెద్ద సామానుకు బోర్డు నుంచి విడిగా లైన్ లాగించుకోవాలి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశముంది. కొత్త రంగుల్లో సీసాన్ని పదిలక్షల్లో 90 వంతులకు మించకుండా కట్టడి చేసే నిబంధన మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017లోనే. అందుకని గోడలు గీకేటప్పుడు తడిపి గీకించండి. పసిపిల్లలున్నా, కడుపుతో ఉన్నవాళ్లున్నా ఆ రోజులు వేరే చోట ఉండటం మంచిది.

కొత్త ఫ్లాట్ల వాళ్లకు ఇంకో మాట. 2016లో వచ్చిన రెరా చట్టం ప్రకారం, ఫ్లాట్ చేతికిచ్చిన ఐదేళ్లలోపు కట్టడంలో గానీ పనితనంలో గానీ లోపం బయటపడి, మనం తెలియజేస్తే, బిల్డర్ 30 రోజుల్లో తన ఖర్చుతో సరిచేయాలి. తొందరపడి మనమే పగలగొట్టేస్తే లోపం ఎవరిదో తేల్చడం కష్టం. ముందు ఫొటోలు తీసి, కాగితం మీద రాసి పంపండి.

మీటింగ్‌కి ఎవరెళ్తున్నారు?

ఇంట్లో పని జరిగినన్నాళ్లూ మేస్త్రీ వెనక నిలబడేది మనం. ఏ గోడలో ఏ పైపు ఉందో, ఏ వాల్వ్ తిప్పితే ఎవరికి నీళ్లు ఆగుతాయో తెలిసింది మనకి. అసోసియేషన్ మీటింగ్‌కి వెళ్లి చెయ్యెత్తేది మాత్రం ఆయన! అక్కడ పార్కింగ్ గొడవ, లిఫ్ట్ బిల్లు, కొత్త ప్రెసిడెంటు ఎవరన్నదీ తేలేసరికి రాత్రి పది. ఏ ఇంట్లో ఏం పగలగొడుతున్నారన్న మాటే రాదు. మనకు తెలిసింది మన గుమ్మం దాటదు. గ్రూపులో పొద్దున్నే పూల బొమ్మలు పంపుకుంటాం కానీ "మా బాత్‌రూం ఇలా పాడైంది, మీరు జాగ్రత్త" అని ఒక్కరం రాయం.

మహారాష్ట్రలో హౌసింగ్ సొసైటీల నమూనా ఉపనిబంధనల్లో 15 ఏళ్లు దాటిన భవనానికి ఐదేళ్లకోసారి, 30 ఏళ్లు దాటితే మూడేళ్లకోసారి స్ట్రక్చరల్ ఆడిట్ చేయించాలని రాసుకున్నారు. మనిషికి నలభై దాటాక షుగర్, బీపీ చూపించుకోవడం లాంటిదే ఇది. ఎవరో ఆజ్ఞాపించేదాకా మనం ఆగాలా? తలా ఇంత వేసుకుంటే అయ్యే పని. ఆ మాట మీటింగ్‌లో మనమే ఎత్తాలి.

మా అపార్ట్‌మెంట్‌లో ఇప్పుడో చిన్న పని మొదలుపెట్టాం. వాచ్‌మన్ గదిలో రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి పెట్టాం. ఎవరింట్లో పని జరిగినా అందులో రాయాలి. ఏం పగలగొట్టారు, పైపులు ఎటు వెళ్తున్నాయి, ఎంత అయింది, ఏ మేస్త్రీ మాట నిలబెట్టుకున్నాడు, ముఖ్యంగా ఏం తప్పు జరిగింది. మొదటి పేజీ నేనే రాశాను. నా తప్పు, 202 పిన్నిగారి బకెట్, రెండింతల ఖర్చు, అన్నీ. రాస్తుంటే చెయ్యి కాస్త వణికింది. అచ్చయిన నా కథలు చూసుకున్నప్పుడు కూడా అంత బెరుకు కలగలేదు. పిన్నిగారు చదివి, "ఇది అప్పుడే రాసి ఉంటే 402 అమ్మాయికి లక్ష మిగిలేది కదే" అన్నారు. కాదనలేకపోయాను.

402 వదినగారు బాత్‌రూం మళ్లీ చేయించింది. ఈసారి నీళ్లు నింపి, కిందికి వచ్చి మా తలుపు తట్టింది. రెండు రోజులు పొద్దున, సాయంత్రం ఇద్దరం మా వంటింట్లో నిలబడి, కాఫీ గ్లాసులు పట్టుకుని తలలెత్తి కప్పు కేసి చూశాం. చుక్క పడలేదు. మూడో రోజు టైల్స్ వేశారు.

మీ అపార్ట్‌మెంట్‌లో ఆ నోటుబుక్కు మొదటి పేజీ ఎవరు రాస్తారు? మీరే ఎందుకు కాకూడదు!