తాళం చెవి ఎవరి దగ్గరుంది?

మొన్న ఆషాఢంలో మన మండలంలో ఒక రైతు ఇంటికి వెళ్లినప్పుడు ఆయన బీరువాలోంచి ఒక చిన్న వస్తువు తీసి చూపించారు. చూడటానికి పెన్‌డ్రైవులా ఉంది. "బాబూ, మా పెద్దోడు బెంగుళూరులో నాలుగేళ్లు ఉద్యోగం చేసి మిగిల్చిందంతా ఇందులో పెట్టాడట. రోడ్డు ప్రమాదంలో వాడు పోయాడు. దీన్ని ఏ బ్యాంకుకు తీసుకెళ్లమంటావు?" అని అడిగారు.

ఏ బ్యాంకూ దాన్ని తెరవలేదు. తెరిచే నంబరు ఆ అబ్బాయికి తప్ప ఎవరికీ తెలియదు. నంబరు పోయినా పనికొచ్చే ఇరవై నాలుగు మాటల కాగితం ఒకటి గదిలో ఉండేదని తోటి కుర్రాళ్లు చెప్పారు. గది ఖాళీ చేసిన రోజున పాత పుస్తకాలతోపాటు అదీ తూకానికి పోయింది. సొమ్ము ఉంది, తీసే దారి లేదు. ఆ తండ్రి ప్రశ్న విన్న తరువాత ఈ నాలుగు మాటలు రాయక తప్పడం లేదు.

క్రిప్టో నాణేలు కొనమని చెప్పడం ఇక్కడ మా ఉద్దేశం కాదు. దాని ధర రాత్రికి రాత్రే కూలిపోవచ్చు. మన దేశంలో అది చెల్లుబాటు అయ్యే నగదు కాదు. లాభంపై 30 శాతం పన్ను 2022 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. అయినా హైదరాబాదుకో, గల్ఫుకో, అమెరికాకో వెళ్లిన మన పిల్లలు కొంటున్నారు. ఊళ్లో ఉన్న కుర్రాళ్లూ సెల్‌ఫోనులో కొంటున్నారు. కొనేటప్పుడు ధర గురించి పదిమందిని అడుగుతున్నారు గాని, కొన్నది ఎక్కడ దాచాలో ఒక్కరినీ అడగడం లేదు. ఇది విచారకరం.

ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. బిట్‌కాయిన్ అనేది ఫోనులోనూ ఉండదు, ఆ చిన్న పరికరంలోనూ ఉండదు. ఎవరికి ఎంత ఉందో రాసిన చిట్టా 2009 జనవరి నుంచి నడుస్తోంది. దాని నకళ్లు ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఉన్నాయి. మన దగ్గర ఉండేది ఆ చిట్టాలో మన పద్దును కదిలించే రహస్యపు తాళం చెవి మాత్రమే. పొలం పాసు పుస్తకంలో ఉండదు, ఊళ్లో ఉంటుంది. పాసు పుస్తకం పోతే తహసీల్దారు కార్యాలయానికి వెళ్లి నకలు అడగవచ్చు. ఇక్కడ తహసీల్దారు లేడు. చెవి పోతే నకలు ఇచ్చే కార్యాలయం భూమి మీద ఎక్కడా లేదు. చెవి దొంగ చేతిలో పడితే పద్దు వాడి పేరుకు మారిపోతుంది. మారినదాన్ని వెనక్కు తిప్పే అధికారం ఎవరికీ లేదు.

కాబట్టి దాచే పద్ధతిని ఎంచుకోవడమంటే చెవి ఎవరి దగ్గర ఉండాలో తేల్చుకోవడమే. ఇందుకు ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది, కొన్న చోటనే, అంటే ఎక్స్ఛేంజి సంస్థలోనే ఉంచడం. చాలామంది చేస్తున్నది ఇదే. పాస్‌వర్డు మరచిపోతే ఆధారాలు చూపి మళ్లీ తెచ్చుకోవచ్చు. మనిషి పోతే వారసులు మరణ ధ్రువపత్రంతో అడగడానికి ఒక సంస్థ అంటూ ఉంటుంది. కాని చెవి వారిది. వారు మోసపోతే మనమూ మోసపోయినట్టే. జపాన్‌లోని మౌంట్ గాక్స్ 2014లో మూతపడింది. అమెరికాలో పేరు మోసిన ఎఫ్‌టీఎక్స్ 2022 నవంబరులో కుప్పకూలింది, దాని అధిపతికి 2024 మార్చిలో 25 ఏళ్ల జైలు శిక్ష పడింది. కెనడాలోని క్వాడ్రిగా సంస్థ స్థాపకుడు 2018 డిసెంబరులో మన జైపూరుకు వచ్చి చనిపోయాడు. చెవులన్నీ ఆయన ఒక్కడికే తెలుసని సంస్థ చేతులెత్తేసింది. ఆయన బతికుండగానే ఖాతాదారుల సొమ్ము చాలావరకు మోసంతో పోగొట్టాడని అక్కడి నియంత్రణ సంస్థ 2020లో తేల్చింది.

అంతదూరం పోనక్కర్లేదు. మన దేశంలోని వజీర్‌ఎక్స్ నుంచి 2024 జూలై 18న దాదాపు రెండు వేల కోట్ల రూపాయల విలువైన నాణేలు దొంగల పాలయ్యాయి. ఒక్కరు సంతకం చేస్తే కదిలే ఖాతా కాదది, పలువురు చేయాలి. తెర మీద కనిపించింది ఒకటి, సంతకం పడింది మరొకదానిపై అని ఆ సంస్థ చెప్పుకుంది. ఖాళీ కాగితంపై వేలిముద్ర వేయించుకుని పొలం రాయించుకున్న కథలు మన పెద్దలకు కొత్త కాదు. ఉత్తర కొరియాకు చెందిన ముఠాల పనే ఇదని అమెరికా, జపాన్, దక్షిణ కొరియా ప్రభుత్వాలు 2025 జనవరిలో ప్రకటించాయి. ఖాతాదారులు మాత్రం తమ నాణేలు తీసుకోలేక ఏడాదికి పైగా ఎదురుచూశారు. బ్యాంకు మునిగితే డిపాజిటుదారుకు ఐదు లక్షల వరకు బీమా ఉంది. ఇక్కడ ఆ బీమా వర్తించదు.

రెండవది, ఫోనులోనే వాలెట్ యాప్ పెట్టుకుని చెవి మన దగ్గర ఉంచుకోవడం. ఇది చొక్కా జేబులో డబ్బు పెట్టుకోవడం లాంటిది. సంతకు వెళ్లేటప్పుడు నాలుగు వందలు జేబులో ఉండవచ్చు, పత్తి అమ్మిన సొమ్మంతా ఉండకూడదు. ఫోను నిత్యం ఇంటర్నెట్‌తో కలిసి ఉంటుంది. అదే ఫోనులో పెళ్లి పత్రిక పేరుతోనో, ప్రభుత్వ పథకం పేరుతోనో వాట్సాప్‌లో వచ్చిన ఫైలు నొక్కితే దొంగ లోపలికి వచ్చి కూర్చుంటాడు. మనం ఒక చిరునామాకు పంపుతుంటే దాన్ని తన చిరునామాగా మార్చేసే దొంగ ప్రోగ్రాములు కూడా ఉన్నాయి.

మూడవది, ఆ రైతు చూపించిన పరికరం. హార్డ్‌వేర్ వాలెట్ అంటారు. చెవి ఆ పరికరం దాటి బయటకు రాదు. కంప్యూటరులో దొంగ ఉన్నా, పరికరం మీద మీట నొక్కనిదే సొమ్ము కదలదు. పెద్ద మొత్తాలకు ఇదే మేలైన దారి అని తెలిసినవారు చెబుతారు. అయితే దీనికీ కొన్ని నియమాలున్నాయి. తయారుచేసిన సంస్థ దగ్గరే కొనాలి, ఒకరు వాడినది కొనకూడదు. మాటలు ముందే రాసిన కాగితంతో పరికరం వచ్చిందంటే అది నూటికి నూరుపాళ్లు మోసం. ఫ్రాన్స్‌కు చెందిన లెడ్జర్ సంస్థ నుంచి 2020లో కొనుగోలుదారుల చిరునామాలు బయటికి పొక్కగా, మరుసటి ఏడాది కొందరి ఇళ్లకు నకిలీ పరికరాలు పోస్టులో వచ్చాయి. అడగని వస్తువు ఇంటికి వస్తే అనుమానించాలి.

ఇక అసలు ప్రాణం ఆ మాటల కాగితంలో ఉంది. సాధారణంగా పన్నెండు గాని ఇరవై నాలుగు గాని ఇంగ్లీషు మాటలు వరుసగా ఉంటాయి. పరికరం పగిలినా, పోయినా, ఆ మాటలతో కొత్తదానిలో మొత్తం తిరిగి తెచ్చుకోవచ్చు. అంటే ఆ కాగితం ఎవరి చేతిలో ఉంటే సొమ్ము వారిదే. దాన్ని ఫోటో తీయకూడదు, వాట్సాప్‌లో పంపకూడదు, ఈమెయిలులో దాచకూడదు. కంపెనీ నుంచి ఫోను చేస్తున్నామంటూ మాటలు చెప్పమని ఎవరైనా అడిగితే వాడు దొంగే. ఇందులో మినహాయింపు లేదు.

మన ఇళ్ల సంగతి మనకు తెలుసు. చెద పడుతుంది, వానాకాలం గోడ చెమరుస్తుంది, గోదారి పొంగితే ట్రంకు పెట్టె తేలిపోతుంది. కాబట్టి రెండు ప్రతులు రాసి రెండు ఇళ్లలో ఉంచాలి. స్టీలు రేకు మీద చెక్కించుకునేవారూ ఉన్నారు, కాని చెక్కేవాడు చదువుతాడన్నది మరవకూడదు. పెద్ద మొత్తం వేయకముందే కొద్ది మొత్తం వేసి, పరికరాన్ని చెరిపి, కాగితం చూసి తిరిగి తెచ్చుకుని చూడాలి. విత్తనం మొలక పరీక్ష చేయనిదే ఎకరాలకు ఎకరాలు చల్లం గదా!

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇంట్లో ఒక్కరికైనా చెప్పి ఉంచడం. మాటలు చెప్పనవసరం లేదు. ఇలాంటిది ఒకటి ఉందని, కాగితం ఫలానా చోట ఉందని, నాకేదైనా అయితే ఫలానా నమ్మకస్తుణ్ణి అడగమని చెబితే చాలు. వీలునామాలో సొమ్ము సంగతి రాయవచ్చు గాని, మాటలు రాయకూడదు. వీలునామా పదిమంది చదువుతారు.

ఇంత జాగ్రత్త తమవల్ల కాదనుకునేవారు సిగ్గుపడనక్కర్లేదు. అలాంటివారు 2023 మార్చి తరువాత వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్రంలోని ఆర్థిక నిఘా విభాగం, ఎఫ్‌ఐయూ వద్ద నమోదైన సంస్థలోనే కొద్ది మొత్తం ఉంచుకోవాలి. నమోదు అంటే ప్రభుత్వ హామీ కాదని గుర్తుంచుకోవాలి. లేదా అమ్ముకుని బ్యాంకులో వేసుకోవాలి. పోతే మళ్లీ సంపాదించుకోలేని సొమ్ము, అప్పు తెచ్చిన సొమ్ము, బిడ్డ పెళ్లికి దాచిన సొమ్ము ఈ దారిలో పెట్టడమే తప్పు.

మరో హెచ్చరిక. నెలకింత వడ్డీ ఇస్తాం, నలుగురిని చేర్పిస్తే ఇంకింత ఇస్తాం అంటూ క్రిప్టో పేరు చెప్పి ఊళ్లో తిరిగేవారు ఉన్నారు. వారిని ఒక్క మాట అడగండి: "ఈ నాణేన్ని నా మాటల కాగితం ఉన్న వాలెట్‌కు ఇప్పుడే పంపగలవా?" సాకులు చెబితే అది నాణెం కాదు, తెర మీద అంకె మాత్రమే. డబ్బు పోయినవారు పరువుకు జంకి ఊరుకోకుండా వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఆశ తగ్గుతుంది.

ప్రభుత్వమూ, ఈ వ్యాపారం చేసే సంస్థలూ కళ్లు తెరవాలి. ఖాతా తెరిచేటప్పుడే నామినీ పేరు తప్పనిసరిగా రాయించాలి. జాగ్రత్తలను తెలుగులో అచ్చువేసి ఇవ్వాలి. పోలీసు శాఖవారు సైబర్ మోసాలపై పట్టణ కళాశాలల్లో పెట్టే సభలను మండల కేంద్రాల్లోనూ పెట్టవలసిన అవసరం ఎంతైనా ఉంది.

ఆ రైతు ఆ వస్తువును పారేయలేదు. గుడ్డలో చుట్టి తిరిగి బీరువాలోనే పెట్టారు. కొడుకు గుర్తుగా ఉంటుందన్నారు. మీ పిల్లలు ఈ రాత్రి ఫోను చేస్తే అన్నం తిన్నావా అని అడిగిన తరువాత, అలాంటిదేమైనా కొన్నావా, దాని కాగితం ఎక్కడ పెట్టావు అని కూడా అడగండి.