హరిత విడిది: ఎవరి అడవి?

ఈమధ్య మన యాత్రారచనల్లో ఒక కొత్త భక్తి బయలుదేరింది. వర్షారణ్యం అంచున ఏదో “పర్యావరణహిత విడిది”లో రెండు రాత్రులు గడిపిన రచయిత, ప్రకృతిమాత ఒడిలో తాను మళ్ళీ పుట్టానని రాస్తాడు. వెదురు గోడలు, గడ్డి కప్పు, సూర్యశక్తి దీపం, కుండలో చల్లని నీళ్ళు, కిటికీ బయట పొగమంచు - ఇదీ సరుకు. ఆ నీళ్ళు మోసిన మనిషి మాత్రం ఆ రచనలో ఎక్కడా కనిపించడు.

నేనూ వెళ్ళాను. మొన్న వేసవి సెలవుల్లో, కేరళలో తేక్కడి దగ్గర పెరియార్ అడవి పక్కన అలాంటి విడిదిలోనే దిగాను. అడవి అందం అబద్ధమని నేననను. ఆ సతతహరితారణ్యంలో పట్టపగలే చీకటి. అయితే స్నానాలగదిలో ఒక చీటీ కనిపించింది: “తువ్వాలు మళ్ళీ వాడండి, భూమిని కాపాడండి.” చాకలి ఖర్చు మిగిలేది యజమానికి, పుణ్యం నాకట! హోటళ్ళలోని ఈ తువ్వాలు చీటీని ఎండగట్టడానికే 1986లో జే వెస్టర్‌వెల్డ్ అనే అమెరికన్ ‘గ్రీన్‌వాషింగ్’ అన్న మాట పుట్టించాడు. మాట పుట్టింది గాని, చీటీ చావలేదు.

విడిది తోటలో పనిచేసే మన్నాన్ గిరిజనుడొకడు అడవి అంచున చెట్టుచెట్టుకూ పేరు చెప్పాడు. “ఈ విడిదిలో మీవాళ్ళకు వాటా ఏమైనా ఉందా?” అని అడిగాను. “కూలి ఉంది సార్” అన్నాడు.

యాత్రికుడే రాకపోతే అడవి గొడ్డలి పాలవుతుంది గదా అని వాదించేవారున్నారు. ఈ వాదంలో సగం నిజముంది. ఇదే పెరియార్‌లో దొంగచాటుగా అడవి దాల్చినచెట్ల బెరడు ఒలిచేవారికి 1990లలో అడవి కాపలా, యాత్రికులకు దారిచూపే పని జీవనాధారంగా దొరికాయి. బెరడు ఒలిచిన చేతులే చెట్టుకు కాపలా కాశాయి. యాత్రికుడి డబ్బు అడవి మనిషి కంచంలోకి చేరినప్పుడే అడవి నిలిచిందన్నమాట!

కూలి దగ్గరే ఆగిపోనక్కరలేదు కూడా. పెరూ దేశంలో తంబోపాతా నది ఒడ్డున, ఎసె ఎహా ఆదివాసులు నివసించే ఇన్ఫియెర్నో గ్రామం 1996లో ఒక యాత్రా సంస్థతో 20 ఏళ్ళ ఒప్పందం చేసుకుంది. అలా లేచిన ‘పొసాడా అమెజోనాస్’ విడిది లాభంలో నూటికి 60 వంతులు గ్రామానికి, 40 సంస్థకు అని ఆ ఒప్పందం నిర్ణయించింది. అదేమీ స్వర్గం కాదు. అక్కడికీ అతిథులు విమానాల్లో చమురు కాల్చుకుంటూనే వస్తారు. అయినా అక్కడి ఆదివాసి వడ్డించడమే కాదు, లెక్కలూ అడుగుతాడు. తేడా గడ్డి కప్పులో లేదు, హక్కులో ఉంది.

మన దేశంలోనూ 2006 అటవీ హక్కుల చట్టం, సాముదాయిక అటవీ వనరులను కాపాడుకునే, నిర్వహించుకునే హక్కును అడవి ప్రజలకు ఒప్పుకున్నది. మారేడుమిల్లి, అరకు కొండల్లో విడుదులు లేస్తున్న ఈ రోజుల్లో ఇది పరాయి రాష్ట్రపు గొడవ కాదు. షెడ్యూల్డు ప్రాంతాల భూమి గిరిజనేతరుల చేతికి పోరాదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పనే చెప్పింది.

పొగమంచును వర్ణించవద్దని నేననను. వర్ణించిన తర్వాత బిల్లు కూడా చూడమంటాను. ఈ సొమ్ములో అడవి మనిషికెంత? ఆ ఒక్క ప్రశ్న అడగని యాత్రారచన, ఎంత అందంగా ఉన్నా, విడిది యజమాని డబ్బివ్వకుండా రాయించుకున్న ప్రకటన మాత్రమే.