కెమెరాకు కట్టిన తాడు

మన కాలేజీలో ఎవరు నీళ్ళున్న చోటికి టూరుకు బయల్దేరినా, గ్రూపులో వచ్చే మొదటి మెసేజ్ ఒకటే: "కెమెరా వాటర్‌ప్రూఫేనా?" పోయిన మార్చి దాకా నేనూ అదే అడిగేవాణ్ణి. ఇప్పుడు మాత్రం అది రెండో ప్రశ్న అంటాను. మొదట అడగాల్సింది వేరే ఉంది: "చేజారితే ఏమైతది?"

మాది కొల్లాపూర్. అక్కడి నుంచి సోమశిల దగ్గరే. సోమశిల ఒడ్డున నిలబడితే కనిపించేది శ్రీశైలం జలాశయం వెనుక నీళ్ళు. ఆ నీళ్ళ కింద మా అవ్వ కాపురానికొచ్చిన ఊరుంది. 1981లో ఖాళీ చేయించిన ఊళ్ళలో అదొకటి. జలాశయం నిండు మట్టం 885 అడుగులు. ఎండలు ముదిరి మట్టం దిగుతుంటే పాత ఊళ్ళ మొండిగోడలు ఒక్కొక్కటే బయటపడతాయి. సంగమేశ్వరం గుడి తేలితే పేపర్లో ఫొటో వస్తుంది. మా అవ్వ ఊరి గోడలు తేలితే ఎవరూ రాయరు. అవ్వకు మోకాళ్ళ నొప్పులు, ఒడ్డు దాకా కూడా రాలేదు. "నీకు వీడియో తీసుకొస్తనే అవ్వా" అని మాటిచ్చాను.

మిత్రుడి దగ్గర గాలి ఊదే కయాక్ ఉంది. సీనియర్ అన్న తన యాక్షన్ కెమెరా ఇచ్చాడు. కయాక్ ముక్కు మీద రెండు వైపులా అంటే టేపుతో దాని స్టాండు అతికించాం. వెళ్ళాం, గోడల చుట్టూ తిరిగాం, నలభై నిమిషాలు తీశాం. తిరిగి వస్తుంటే ఒక మరబోటు పక్కనుంచి పోయింది. దాని అలకు కయాక్ ఒక్కసారి ఎగిరి పడింది, టేపు లేచింది. "బుడుంగ్" అని చిన్న చప్పుడు, అంతే. ఆ కెమెరా పది మీటర్ల లోతు దాకా వాటర్‌ప్రూఫ్ అని డబ్బా మీద రాసి ఉంది. అది అబద్ధం కాదు. ఇప్పటికీ ఆ ఒండ్రులో ఎక్కడో లోపల పొడిగానే ఉండి ఉంటుంది. దాంతో మాకేం లాభం?

హాస్టల్‌కు వచ్చాక లెక్క వేశాను. ఉదాహరణకు గోప్రో హీరో 9 తీసుకోండి. బరువు 158 గ్రాములు. కొలతలు 71, 55, 33.6 మిల్లీమీటర్లు. గుణిస్తే దాదాపు 131 ఘన సెంటీమీటర్లు. అంటే అది పక్కకు తోసే నీళ్ళు 131 గ్రాములు. మునగడానికి కారణం ఆ 27 గ్రాముల తేడా! చిన్న థర్మాకోల్ ముక్క కడితే తీరిపోయేది. ఆర్కిమెడిస్‌ను హైస్కూల్లోనే చదువుకున్న మనం బీటెక్‌లో డబ్బా మీది మాట చదివి ఊరుకున్నాం.

విచిత్రమేమంటే, ఆ గోప్రో కథ కూడా పట్టీతోనే మొదలైంది. నిక్ వుడ్‌మన్ 2002లో సముద్రపు అలల మీద సర్ఫింగ్ చేస్తూ ఫొటోలు తీసుకోవాలని ఆస్ట్రేలియా, ఇండోనేషియా వెళ్ళినప్పుడు, అతను ముందు ఆలోచించింది కెమెరాను మణికట్టుకు కట్టే పట్టీ గురించి. 2004లో వచ్చిన మొదటి హీరో వీడియో కెమెరా కూడా కాదు, రీలు వేసే కెమెరా.

రెండోసారి ఇంకో కెమెరా అడుక్కుని మేమే స్టాండు చేసుకున్నాం. గాలి పడవకు స్క్రూ వేయలేం, దాని గుడ్డ మీద సక్షన్ కప్పు నిలవదు. అందుకే ఒక ప్లైవుడ్ ముక్కను కయాక్ వెనుక భాగంలో ఉన్న రింగులకు బెల్టులతో బిగించాం. దాని మీద అరవై సెంటీమీటర్ల పీవీసీ పైపు నిలబెట్టి, రెండు చివర్లా మూతలు పెట్టి అంటించాం. లోపల గాలి ఉంటుంది కాబట్టి ఊడినా పైపే కెమెరాను తేలుస్తుంది. బకెట్లో సరిపోక హాస్టల్ నీళ్ళ తొట్టిలో వేసి చూసి నమ్మాం. పైపు ఇంకా పొడవు పెడదామని మిత్రుడన్నాడు గానీ, పొడవు పెరిగిన కొద్దీ ప్రతి కుదుపూ మొదట్లో ఎక్కువ బలంతో లాగుతుంది, వీడియో కూడా ఊగుతుంది.

వెనుక ఎందుకంటే, ముందు పెట్టి మనవైపు తిప్పితే మన మొహమే వస్తుంది, నది రాదు. ఛాతీకి కడితే మోకాళ్ళు, చేతులు అడ్డం. వెనుక నుంచి తీస్తే తెడ్డు వేసే మనిషి వీపు, ముందున్న నీళ్ళు, గోడలు అన్నీ వస్తాయి.

నీళ్ళు లోపలికి పోకుండా కాపాడేది కెమెరా తలుపు చుట్టూ ఉండే సన్నటి రబ్బరు. దాని మీద ఒక్క వెంట్రుక, ఒక్క ఇసుక రేణువు ఉన్నా చాలు, దారి దొరికినట్టే. నది దగ్గర తలుపు తెరవకూడదు. బ్యాటరీ, కార్డు ఇంట్లోనే మార్చుకోవాలి. పైన ఇంకో ప్లాస్టిక్ డబ్బా తొడిగితే ఇంకో సమస్య: లోపల చిక్కిన తేమ గాలి, బయట చల్లని నీళ్ళు తగలగానే అద్దం మీద మంచులా పడుతుంది. కొత్త బూట్ల డబ్బాలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల పెడితే చాలావరకు ఆగుతుంది.

చివరగా తాడు. మూరెడు చాలు. పొడవుంటే పడవ తిరగబడినప్పుడు కాళ్ళకు చుట్టుకుంటుంది. కట్టేది పడవకే. మెడకు, చేతికి వద్దు.

ఇంత చేసి గర్వంగా నీళ్ళలోకి దిగుతుంటే, ఒడ్డున పుట్టికి తారు పూస్తున్న ఒక తాత మా వైపు చాలాసేపు చూశాడు. వెదురు బద్దలతో అల్లిన పుట్టికి ఒకప్పుడు తోలు కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టాలు, తారు. మంచు దేశాల ఇన్యూట్‌ల కయాక్ కూడా పుట్టుకతో తోలు పడవే. అంటే వాటర్‌ప్రూఫింగ్‌లో ఆయన మాకంటే సీనియర్. ఆయన అడిగింది ఒక్కటే:

"బిడ్డా, గా డబ్బాకు తాడు గట్టిన్రు, పడితే తేలెటట్టు పైపు వెట్టిన్రు. మరి మీరు వడితే?"

మా లైఫ్ జాకెట్లు కయాక్‌లో సీటు మెత్తగా ఉండడానికి కింద వేసుకున్నాం.

ఇక్కడే నా అభిప్రాయం. ఎనిమిది వేల కెమెరాకు మూడు రోజులు డిజైన్ చేసిన మేం, మా గురించి మూడు నిమిషాలు ఆలోచించలేదు. ఇదే కృష్ణలో 2007 జనవరిలో పడవ మునిగి 61 మంది చనిపోయారు. సోమశిల, సిద్ధేశ్వరం మధ్య వంతెన కావాలన్న మాట మా ప్రాంతంలో అందుకే అంత గట్టిగా వినిపిస్తుంది. ఆ కథ వింటూ పెరిగినవాణ్ణి నేను. అయినా జాకెట్ మీద కూర్చున్నాను.

"ఎండకు ఉక్క పోస్తది, వీడియోలో బాగుండదు" అంటారు. నిజమే. మార్చి ఎండలో జాకెట్ చెమటలు పట్టిస్తుంది. "నాకు ఈతొస్తది" అనేవాళ్ళూ ఉన్నారు. తెడ్డు తలకు తగిలి స్పృహ తప్పినవాడికి ఈత ఎక్కడిది? వాటర్‌ప్రూఫ్ అన్న మాట కెమెరాను తేల్చనట్టే, ఈతొచ్చన్న మాట ఆ క్షణంలో మనిషిని తేల్చదు.

అందుకే మన క్లబ్బుల టూర్లకు ఒక నియమం పెట్టుకుందాం. కెమెరా ఆన్ చేసే ముందు ఒకరు బయటకు లెక్కపెట్టాలి: ఎందరు మనుషులు, ఒంటి మీద ఎన్ని జాకెట్లు. రెండు అంకెలూ కలిస్తేనే రికార్డింగ్.

ఆ రోజు జాకెట్లు తొడుక్కునే వెళ్ళాం. వీడియో అవ్వకు చూపించాను. గోడల దగ్గర ఆపమంది, రెండుసార్లు వెనక్కి తిప్పమంది. ఏడుస్తుందేమో అనుకున్నా. చాలాసేపు చూసి, తెడ్డు వేస్తున్న నా వీపు మీది నారింజ రంగు జాకెట్ మీద వేలు పెట్టింది.

"ఇదేందిరా, ఇంత లావున్నది?"

"పడితే తేలుతది అవ్వా."

"మంచిగున్నది," అని మళ్ళీ గోడల దగ్గరికి తిప్పమంది.