అవ్వ పచ్చబొట్లు ఏమయ్యాయి?

చర్ల అవతల ఓ కోయగూడెం. అడవిలో పొద్దుగూకడమంటే మన ఖమ్మంలో గూకినట్టు కాదు. గోదారి ఇసుక మీద ఇంకా ఎండ ఉండగానే చెట్ల కింద చీకటి పడిపోతుంది. పొయ్యి దగ్గర కూర్చున్న అవ్వ మొహానికి మంట వెలుగే దీపం. చేతిలో కొత్త కెమెరా ఉంటే ఊరుకుంటామా! ఐఎస్ఓ 6400కి పెంచి నాలుగు ఫొటోలు లాగించాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూస్తే మొహం నిండా ఎర్రటి, పచ్చటి ఇసుక చల్లినట్టుంది. సాఫ్ట్‌వేర్లో నాయిస్ తగ్గించే మీటను కుడివైపు చివరిదాకా జరిపాను. ఇసుకంతా మాయం! మురిసిపోయి ప్రింటు వేయించి, మళ్లీ వెళ్లినప్పుడు అవ్వ చేతిలో పెట్టాను. వాకిట్లో వెలుతురుకి పట్టుకుని చాలాసేపు చూసింది.

‘‘నా పచ్చబొట్లు ఏయి బిడ్డా?’’ అంది.

నుదుటి మీద, గడ్డం మీద ఉండాల్సిన చుక్కలు ఇసుకతోపాటే తుడిచిపెట్టుకుపోయాయి. ‘‘పోయేనాడు మెళ్లో పూసలు తీసేస్తరు. ఇయ్యే నాతోటొచ్చేయి’’ అంటుంటే నాకు తలెత్తబుద్ధి కాలేదు.

కొత్త కెమెరా కొన్నవాళ్లంతా అడిగేది ఒకటే. రా ఫొటోలు దిద్దడానికి, నాయిస్ పోగొట్టడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని. నా జవాబు అవ్వ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

‘రా’ అంటే రమ్మని పిలవడం కాదు, పచ్చి సరుకని. జేపెగ్ పాలిష్ పట్టిన బియ్యంలాంటిది. మిల్లులో పోయిన తవుడు మళ్లీ రాదు. రా ఫైలు వడ్ల బస్తా. ఎంత పట్టించాలన్నది మన ఇష్టం. జేపెగ్‌లో ఒక్కో రంగుకి 256 మెట్లే ఉంటాయి. 14 బిట్ల రా ఫైల్లో 16,384. నీడలో నల్లగా ఉండిపోయిన మొహాన్ని వెలుగులోకి తేవాలంటే ఈ మెట్లే ఆధారం.

మరి ఇసుక ఎక్కడిది? మృగశిర కార్తెలో తొలి చినుకులు వాకిట్లో పడటం చూసే ఉంటారు. ఓ చోట నాలుగు, పక్కనే ఒకటి. జోరువాన పడితే ఆ తేడా తెలియదు, వాకిలంతా ఒకేలా తడుస్తుంది. వెలుతురూ అంతే, చినుకులుగానే పడుతుంది. సెన్సర్‌లో ఓ గడికి సగటున 10 వేల కాంతి కణాలు చేరితే హెచ్చుతగ్గులు దాదాపు వంద, అంటే నూటికి ఒకటి. వందే చేరితే హెచ్చుతగ్గులు పది, అంటే నూటికి పది! ఐఎస్ఓ పెంచితే వెలుతురు పెరగదండోయ్. పడిన కాసిని చినుకుల్నే పెద్దవి చేసి చూపిస్తుంది, వాటితోపాటు తేడానీ.

అందుకే సాఫ్ట్‌వేర్ కంటే ముందు లెన్సు సంగతి చూడమంటాను. కెమెరాతో వచ్చే మామూలు లెన్సు జూమ్ చేస్తే ఎఫ్5.6కి పడిపోతుంది. 50 ఎంఎం ఎఫ్1.8 లెన్సు దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి తెస్తుంది. 6400 ఐఎస్ఓ కావాల్సిన చోట 640తో పనైపోతుంది. అయితే దీనితో అన్నిచోట్లా గట్టెక్కలేం. భద్రాచలంలో ముక్కోటికి ముందురోజు రాత్రి స్వామి హంస వాహనం మీద గోదాట్లో విహరిస్తుంటే మనముండేది ఒడ్డున, జనం మధ్యలో. పడవ కదులుతుంటుంది కాబట్టి షట్టర్ నెమ్మదిస్తే అలుక్కుపోతుంది. అక్కడ ఐఎస్ఓ పెంచక తప్పదు, ఇంటికొచ్చి నాయిస్‌తో కుస్తీ పట్టకా తప్పదు.

ఇక సాఫ్ట్‌వేర్. ముందు కెమెరా కంపెనీ ఉచితంగా ఇచ్చేది వాడండి. కెనాన్‌కి డిజిటల్ ఫొటో ప్రొఫెషనల్, నికాన్‌కి ఎన్ఎక్స్ స్టూడియో ఉన్నాయి. కాస్త చేయి తిరిగాక డార్క్‌టేబుల్, రాథెరపీ చూడండి. రెండూ ఉచితం, ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో కలిసి తయారుచేస్తున్నవి. డార్క్‌టేబుల్ మొదట్లో బెంబేలెత్తిస్తుంది. అన్ని మీటలు చూసి నేను రెండుసార్లు వదిలేసి మూడోసారికి దారికొచ్చాను. ఒక్కో కెమెరా ఏ ఐఎస్ఓలో ఎంత నాయిస్ ఇస్తుందో ముందే కొలిచి పెట్టుకుని దాని ప్రకారం తగ్గించే సదుపాయం అందులో ఉంది. నాకు బాగా నచ్చింది అదే.

డబ్బు పెట్టేవాళ్లకి అడోబ్ లైట్‌రూమ్, డీఎక్స్ఓ, టోపాజ్ ఉన్నాయి. లైట్‌రూమ్‌లో కృత్రిమ మేధతో నాయిస్ తీసే డీనాయిస్ 2023లో వచ్చింది. డీఎక్స్ఓ వాళ్ల డీప్‌ప్రైమ్ 2020 నాటిది. సెన్సర్‌లో ఒక్కో గడి ఒక్క రంగునే చూస్తుంది, మిగతా రెండూ పక్క గడుల్ని బట్టి లెక్కగట్టాల్సిందే. డీప్‌ప్రైమ్ ఆ లెక్కనీ నాయిస్ తీయడాన్నీ ఒకేసారి చేస్తుంది. ఫలితం నిజంగా అబ్బురమే. చిక్కల్లా రెండుచోట్ల. మంచి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్లో ఒక్కో ఫొటోకి నిమిషాలు పడుతుంది. పెళ్లి ఆల్బమ్ చేసేవాళ్లకి తెల్లారిపోతుంది. రెండోది, ఇది తెలియనిచోట ఊహించి పూరిస్తుంది. పక్షి ఈకలకి ఊహ సరిపోతుందేమో! అవ్వ నుదుటి చుక్కలకి సరిపోదు.

1940ల తొలినాళ్లలో ఆస్ట్రియాకు చెందిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ పాపికొండల కొండరెడ్ల మధ్య తిరిగి ఫొటోలు తీశాడు. 1945లో వాళ్ల మీద పుస్తకమే వేశాడు. ఆయన ఫొటోల సంపద లండన్‌లోని సోయాస్‌లో ఉంది. ఫిల్ము కాలపు ఫొటోలవి, గరుకు ఉండేదే. ఆ గరుకును ఎవరైనా నున్నగా తోమేసి ఉంటే ఆ మొహాల్లో మనం ఏం చూసేవాళ్లం?

కొనేముందు మీ కెమెరా మోడల్ రా ఫైలును ఆ సాఫ్ట్‌వేర్ తెరుస్తుందో లేదో చూసుకోండి. కొత్త మోడళ్లతో పాతవాటికి పొసగదు. అడోబ్ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్ చాలాసార్లు ఆదుకుంటుంది. కంపెనీవాళ్లు చూపే నమూనా ఫొటోల్ని నమ్మకండి. మీరు తీసినవాటిలో అన్నిటికంటే చెడ్డది పెట్టి పరీక్షించండి. వంద శాతానికి పెంచి కనురెప్పలు, చీర నేత, పచ్చబొట్టు చూడండి. రంగుల చుక్కల్ని నిర్దాక్షిణ్యంగా తీసేయొచ్చు. నలుపు తెలుపుల గరుకును మాత్రం కొంత వదిలేయాలి. ప్రింటులో అది పెద్దగా కనపడదు కూడా.

అవ్వ ఫొటో రా ఫైలు ఉంది కాబట్టి బతికిపోయాను. డార్క్‌టేబుల్‌లో మళ్లీ మొదలుపెట్టి, రంగు నాయిస్ తీసేసి, గరుకు చాలావరకు ఉంచేశాను. కొత్త ప్రింటు ఇస్తే అవ్వ గడ్డం మీది చుక్కల్ని గోటితో తడిమి చూసింది. పాతది కూడా ఉంచుకుంటానంది. అందులో వయసు తక్కువగా ఉన్నట్టుందట!