ముందు గవాహీ, తర్వాతే ఇల్జామ్

సాఫ్ట్‌వేర్ నౌకరీ చేసే బేటా గానీ బేటీ గానీ లేని ఖాన్‌దాన్ మన మొహల్లాల్లో ఇప్పుడు తక్కువే. వాళ్లు చేసే పనేమిటో అమ్మీ అబ్బాలకు సరిగా తెలీదు. జీతం తెలుసు, నైట్ షిఫ్ట్ తెలుసు. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే సర్వర్ ఏదో పడిపోయిందని తెలుసు. ఆ పడిపోవడం తర్వాత ఆ పిల్లల నెత్తిన పడే ఇల్జామ్ గురించే నా ఫికర్.

ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, ఖబర్లు రాసుకుని బతికేవాణ్ని. కంప్యూటర్ నా ఇలాకా కాదు. మా ఆపా కొడుకు పుణ్యాన ఈ మధ్య కొన్ని రాత్రులు దాని ముందు కూర్చున్నాను. వాడు ఒక చిన్న కంపెనీలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ చూసుకుంటాడు. 1986లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో మైకేల్ స్టోన్‌బ్రేకర్ అనే ఉస్తాద్ మొదలుపెట్టిన కామ్ అది. ఇవాళ దాని సోర్స్ కోడ్ దునియా ముందు తెరిచి ఉంది. ఎవరైనా దించుకోవచ్చు, మార్చుకోవచ్చు, సొంతంగా కంపైల్ చేసుకోవచ్చు. మావాడు కంపెనీ జరూరత్ కోసం కోడ్‌లో చిన్న మార్పు చేసి, మళ్లీ బిల్డ్ చేసి ఎక్కించాడు. అప్పట్నుంచి సర్వర్ రోజూ కూలడం మొదలైంది.

సేఠ్ ఫైసలా వెంటనే వచ్చేసింది: "ముఫ్త్‌లో దొరికే సాఫ్ట్‌వేర్ అంతే!" పక్క సీటతను రీస్టార్ట్ కొట్టమన్నాడు. ఇంకొకరు మెషీన్‌లో మెమరీ ఖరాబైందన్నారు. ముగ్గురి మీదా నా ఎతరాజ్ ఒకటే. ఒక్కరూ లాగ్ తెరిచి చూడలేదు.

లాగ్ గవాహీ ఇస్తుంది, వినడం తెలియాలి. ఒక ప్రాసెస్ కూలిందంటే, అందరూ పంచుకునే మెమరీ కూడా చెడి ఉండొచ్చని పోస్ట్‌గ్రెస్ మిగతా కనెక్షన్లన్నీ తెంపేస్తుంది. తర్వాత తన రోజ్‌నామ్చా చదువుకుని, డేటాను ఠీక్ చేసుకుని మళ్లీ లేస్తుంది. కాబట్టి లాగ్ నిండా 'వేరే ప్రాసెస్ కూలినందున ఈ కనెక్షన్ తెంపుతున్నాం' అనే లైన్లే కనిపిస్తాయి. జనం వాటినే పట్టుకుని వేలాడతారు. అవి దెబ్బ తిన్నవాళ్ల ఫరియాదులు. ముజ్రిమ్ జాడ వాటికి పైన ఒకే లైన్‌లో ఉంటుంది: ఏ ప్రాసెస్, ఏ సిగ్నల్‌తో పోయింది అని. అప్పుడు నడుస్తున్న క్వెరీ కూడా దాని కిందే ఉంటుంది.

సిగ్నల్ 11 అంటే ప్రోగ్రామ్ తనది కాని మెమరీని ముట్టుకుంది. 6 అంటే లోపల లెక్క కుదరక తనంతట తానే ఆగిపోయింది. 9 అయితే కథే వేరు. బయటినుంచి ఎవరో చంపారు. లినక్స్‌లో మెమరీ చాలకపోతే కెర్నలే ఆ పని చేస్తుంది. అప్పుడు సోర్స్ కోడ్ తవ్వడం వక్త్ బర్బాద్, మెమరీ సెట్టింగులు చూసుకోవాలి. మావాడిది 11.

సోర్స్ నుంచి బిల్డ్ చేసుకున్నవాడికి ఇక్కడొక ఫాయిదా ఉంది. 'ఎనేబుల్ డీబగ్' పెట్టి కంపైల్ చేసి, కోర్ ఫైల్ రాయడానికి ఇజాజత్ ఇచ్చి ఉంచితే, కూలిన క్షణంలోని మెమరీ మొత్తం డిస్కు మీద మిగులుతుంది. జీడీబీతో దాన్ని తెరిచి 'బీటీ' అని కొడితే బ్యాక్‌ట్రేస్ వస్తుంది: ఏ ఫంక్షన్ దేన్ని పిలిచింది, చివరికి ఎక్కడ పడింది, ఏ ఫైల్‌లో ఎన్నో లైన్. డీబగ్ లేకుండా కడితే ఆ లైన్ నంబర్లు రావు, ఒక్కోసారి పేర్లుండాల్సిన చోట ప్రశ్నార్థకాలే మిగులుతాయి. నాకైతే అది పంచనామా చదివినట్టే ఉంది. క్రైమ్ వార్తలు రాసినవాడికి తెలిసిన ఇంకో సంగతి కూడా ఇక్కడ పనికొచ్చింది. శవం దొరికిన చోటే ఖతల్ జరిగిందనుకోకూడదు. బ్యాక్‌ట్రేస్ రోజుకో ఫంక్షన్ పేరు చూపిస్తోంది. "మామూ, అన్నీ తప్పే ఎలా అవుతాయి?" అన్నాడు వాడు. అదే సరైన సవాల్.

జవాబు బిల్డ్‌లో దొరికింది. వాడు మార్చింది ఒక హెడర్ ఫైల్. అందులో ఒక స్ట్రక్చర్‌కు ఇంకో గడి కలిపాడు. తర్వాత ఉత్త 'మేక్' కొట్టాడు. పాత కాన్ఫిగర్ పద్ధతిలో 'ఎనేబుల్ డిపెండ్' అడక్కపోతే, హెడర్ మారినా దాన్ని వాడుకునే ఫైళ్లు మళ్లీ కంపైల్ కావు. దర్జీ షేర్వానీ ఒళ్లు కొత్త కొలతకు కత్తిరించి, చేతులు పాత కొలతవే కుట్టినట్టు. చిరిగినప్పుడు గుడ్డను తిడితే ఏం లాభం? 'మేక్ డిస్ట్‌క్లీన్' కొట్టి, మొదట్నుంచి కాన్ఫిగర్ చేసి, కంపైల్ చేసి, 'మేక్ చెక్' పరీక్షలన్నీ పాసయ్యాకే ఎక్కించాడు. ఆగిపోయింది.

తప్పు మావాడిదే, నిజం. అయినా ఆ తప్పును పట్టి ఇచ్చింది కూడా సేఠ్ తిట్టిన ఆ ముఫ్త్ సాఫ్ట్‌వేరే, దాని సోర్స్ తెరిచి ఉంది గనక. అమీర్‌పేట గల్లీల్లో కోర్సులకు ఫీజు కట్టే అబ్బాలు ఒక్క మాట అడగండి: కూలితే ఏం చేయాలో కూడా నేర్పుతారా? ఇన్‌స్టాల్ చేయడం ఎవరైనా నేర్పుతారు.

రీస్టార్ట్ కన్నా ఖతర్‌నాక్ ఇలాజ్‌లు ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్ రోజ్‌నామ్చా ఉండే ఫోల్డర్ పేరు ఒకప్పుడు 'పీజీ ఎక్స్‌లాగ్'. పేరులో లాగ్ ఉందని, అక్కర్లేని చెత్తే అనుకుని జనం దాన్ని తీసేసి డేటా పోగొట్టుకునేవారు. చివరికి 2017లో 10వ వెర్షన్‌లో దాని పేరే 'పీజీ వాల్' అని మార్చారు. ఒక లఫ్జ్ ఎంత నుక్సాన్ చేస్తుందో చూడండి. 'పీజీ రీసెట్‌వాల్' అనే ఆఖరి దవా ఇప్పటికీ ఉంది. సర్వర్ ఆపి, డేటా ఫోల్డర్ మొత్తం నకలు తీసి పక్కన పెట్టకుండా దాన్ని ముట్టుకోకూడదు. అందులో ఉన్నవి వేరేవాళ్ల ఖాతాలు, అమానత్.

కోర్ ఫైల్ విషయంలోనూ అంతే జాగ్రత్త. కూలిన క్షణంలో మెమరీలో ఉన్న కస్టమర్ పేరు, ఫోన్ నంబరు, పాస్‌వర్డ్ కూడా అందులో పడి ఉండొచ్చు. ఎవరినైనా మదద్ అడగాలంటే బ్యాక్‌ట్రేస్ లైన్లు చాలు. వాటిలోనూ క్వెరీ ముక్కలు వస్తాయి, పంపేముందు ఒకసారి చదివి, పేర్లుంటే కొట్టేయమనండి.