పట్టుబడిన బండ్లు

గంజాయి కేసులో పోలీసువారు పట్టుకొన్న వాహనము యజమానికి తిరిగి వచ్చునా యని మన సభ్యులు కొందరు మమ్ములను అడుగుచున్నారు. తామరైపాక్కము చుట్టుపట్లనున్న మన కుటుంబములలో అనేకులకు ఒక లారీయో, చిన్న వ్యానో జీవనాధారము. ఊత్తుకోట మీదుగను, ఎలావూరు చెక్‌పోస్టు మీదుగను ఆంధ్రకు పోయి వచ్చు బండ్లవి. విశాఖ మన్యపు గంజాయియు ఈ వైపునకే దిగుచున్నది గావున ఈ ప్రశ్న ఊరక పుట్టినది కాదు.

1985 నాటి మాదకద్రవ్యముల చట్టములోని 60వ సెక్షను కఠినమైనది. గంజాయి మోసిన బండి జప్తునకు పాత్రమగును. తానుగాని, తన ఏజెంటుగాని, బండి నడిపినవాడుగాని ఎరుగకయే అది జరిగినదనియు, ముగ్గురును తగు జాగ్రత్త వహించిరనియు యజమానియే రుజువు చేయవలెను. అనగా యజమాని నిర్దోషియైనను డ్రైవరు దోషియైనచో చిక్కు తప్పదు. మన బిడ్డలను చెరచు సరకును పట్టుకొనుటను మేము తప్పు పట్టము. కాని సీటు క్రింద ఎవడో దాచిన పొట్లమునకై, అప్పుచేసి బండి కొన్నవాడు కిస్తులు కట్టుచు, ఆ బండి స్టేషను ఆవరణలో తుప్పు పట్టుట చూచుచుండవలసినదేనా?

ఈ విషయమున సుప్రీంకోర్టు కొంత మేలు చేసినది. పట్టుబడిన వాహనములను స్టేషనులలో చిరకాలము ఉంచరాదని 2002లోనే చెప్పెను. మాదకద్రవ్యముల కేసులలో సైతము విచారణ ముగియువరకు బండిని తాత్కాలికముగా విడుచుటకు చట్టము అడ్డు కాదని 2025 జనవరిలో అస్సాము లారీ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. అదే యేట అక్టోబరులో, మన పొరుగున రాణిపేటకు ఇనుప రేకులు తెచ్చుచు పట్టుబడిన లారీ విషయమునను అట్లే నిర్ణయించి, 2022 నాటి నిబంధనలు కోర్టుల అధికారమును తీసివేయలేదని తేల్చెను. ఆ యజమానిపై నేరారోపణయే లేదు. అయినను మద్రాసు హైకోర్టు కాదనగా ఢిల్లీ దాక పోవలసి వచ్చెను. అంత స్తోమత మనలో ఎందరికి కలదు?

బంధువే గదా, ఊరివాడే గదా యని తాళపుచెవి చేతికిచ్చుట మన అలవాటు. ఎవరి సరకు, ఎచ్చట ఎక్కినది, ఎవరు నడిపిరి అను వ్రాత లేనిచో జాగ్రత్త వహించితిమని కోర్టులో చూపుట యెట్లు? మరియొకటి. పోలీసు కాగితములు తమిళమున నుండును. తమిళము ధారాళముగా మాటలాడియు చదువజాలని పెద్దలు మనలో కలరు. అట్టివారు చదివించుకొనక సంతకము చేయరాదు. బండి పట్టుబడినచో ఆర్.సి. పుస్తకము, పర్మిట్టు, ఇన్సూరెన్సు, ట్రిప్పు చీటీలతో ఆలస్యము చేయక సంఘ కార్యాలయమునకు రావలెను. వకీలు వద్దకు తోడు వచ్చుటకు మేము సిద్ధముగా నున్నాము.